సర్కారు సాయం ఆగినచోట: మీ ప్రశ్నలు, మా జవాబులు

2025 జులై 4న అమెరికా అధ్యక్షుడు ఒక పెద్ద చట్టం మీద సంతకం పెట్టారు. పన్నుల చట్టంగానే దానికి పేరొచ్చింది గానీ, వలస వెళ్లినవాళ్లకు అందే తిండి సాయాన్నీ, ఆరోగ్య బీమా సాయాన్నీ అందులోనే కోసేశారు. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో పిల్లలు ఆ దేశంలో ఉన్నవాళ్లు చాలామంది. వాళ్లు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఇంగ్లండు గురించి ఒక ప్రశ్న, ఇక్కణ్నుంచి డబ్బు పంపడం గురించి ఒక ప్రశ్న కూడా ఉన్నాయి.

ప్రశ్న: మా పాప డాలస్‌లో ఉంది. హెచ్‌-4 వీసా, ఉద్యోగానికి పర్మిషన్ లేదు. వాళ్ల ఊళ్లో లేనివాళ్లకు ఊరికే సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు ముందు కార్ల వరస పెరిగిపోతోందని, తనూ పోయి రవంత సాయం చేస్తానని అంటోంది. జీతం లేకపోయినా పని పనే కదా, వీసాకు ఏమన్నా అవుతుందేమోనని అల్లుడికి భయం. పొమ్మనేదా, వద్దనేదా?
— ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పొమ్మనండమ్మా. మూడు సంగతులు సరిగ్గా ఉంటే చాలు. ఆ సంస్థ లాభాపేక్ష లేని ధర్మసంస్థ అయి ఉండాలి. చేసే పని అందరూ ఊరికే వచ్చి చేసేదై ఉండాలి, జీతమిచ్చి ఒకరిని పెట్టుకునే పని కాకూడదు. ప్రతిఫలంగా ఏదీ పుచ్చుకోకూడదు: డబ్బే కాదు, గిఫ్టు కార్డు, "ముందు ఊరికే చెయ్యి, పర్మిషన్ వచ్చాక జీతమిస్తాం" అనే మాట కూడా ప్రతిఫలం కిందికే వస్తాయి. డబ్బాలు సర్దడం, కూరగాయలు ఏరడం, కార్లలో పెట్టెలు పెట్టడం నిశ్చింతగా చేయొచ్చు. అదే సంస్థ "నువ్వు కంప్యూటర్ చదివావు కదా, మా అకౌంట్ల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టు" అంటే మాత్రం ఒప్పుకోవద్దనండి. ఆ పనికి బయట జీతం ఉంది, చిక్కు వచ్చేది అక్కడే.

అక్కడ పని ఎలా ఉంటుందో కూడా చెప్తాం, తెలిసి పోతే ఉపయోగపడుతుంది. వేళ్లు కప్పే బూట్లు వేసుకోవాలి, చెప్పులతో లోపలికి రానివ్వరు. గాజులు, వేలాడే కమ్మలు ఇంట్లో తీసిపెట్టి పోవాలి. పెట్టెలు బరువుగా ఉంటాయి, ఒక్కొక్కటి 30, 40 పౌండ్లు, అంటే 14 నుంచి 18 కిలోలు. నడుం వంచి కాక మోకాళ్లు వంచి ఎత్తాలి. టిన్నులు ఏరేటప్పుడు సొట్ట ఎక్కడుందో చూడాలి. పక్కన చిన్న సొట్ట ఉంటే ఫరవాలేదు. అతుకు మీద సొట్ట పడినా, వేలు దిగేంత లోతున్నా, మూత ఉబ్బినా ఆ టిన్ను చెత్తలోకే. గాలి తగలని డబ్బాలో పెరిగే బొట్యులిజం క్రిమి విషం ప్రాణం తీస్తుంది. "బెస్ట్ బై" తేదీ దాటిన బిస్కెట్లు, పాస్తా చాలావరకు ఇస్తారు, ఆ తేదీ రుచికి సంబంధించింది. పసిపిల్లల పాలపొడికి మాత్రం తేదీ దాటితే మినహాయింపే లేదు, పారేయాల్సిందే.

ఇంకో మాట. నవంబరు, డిసెంబరు పండగల్లో స్వచ్ఛంద సేవకులు క్యూ కట్టి వస్తారు. జనవరి మూడో వారానికి ఎవరూ ఉండరు, ఆకలి మాత్రం అలాగే ఉంటుంది. మీ పాపను జనవరి నుంచి మార్చి దాకా, వారానికి ఒకే రోజు, ఒకే వేళకు పేరు రాయించుకోమనండి. ఏటా ఒక్కరోజు వచ్చే యాభైమంది కంటే వారం వారం తప్పక వచ్చే ఒక్కరు ఆ సంస్థకు ఎక్కువ అక్కరకొస్తారు.

ప్రశ్న: తిరుమలలో రోజూ అంతమందికి అన్నప్రసాదం పెడుతున్నాం. అంత డబ్బున్న దేశంలో ప్రభుత్వం ఆపేసినంత మాత్రాన గుళ్లు, చర్చీలు, ధర్మసంస్థలు కలిసి ఆ లోటు పూడ్చలేవా?
— రిటైర్డ్ ఉద్యోగి, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: పూడ్చలేవండి. సేవ చేసేవాళ్లను చిన్నబుచ్చడానికి అనడం లేదు, లెక్క అలా ఉంది. అమెరికాలో 200 దాకా ఫుడ్ బ్యాంకులున్న ఫీడింగ్ అమెరికా సంస్థే ఏళ్లుగా చెప్పే మాట ఇది: తాము ఒక పూట భోజనం అందిస్తుంటే, ప్రభుత్వ ఆహార సాయం స్నాప్ తొమ్మిది పూటలు అందిస్తోంది. ఆ తొమ్మిదిలో ఒక్కటి తగ్గినా, అది భర్తీ కావాలంటే ఫుడ్ బ్యాంకులు తమ పనిని రెట్టింపు చేయాలి. అంటే గోడౌన్లు, లారీలు, శీతల గదులు, మనుషులు, అన్నీ రెట్టింపు కావాలి. పైగా ఫుడ్ బ్యాంకులకు వచ్చే సరుకులో కొంత ప్రభుత్వం కొని ఇచ్చేదే. అక్కడా కోత పడితే రెండువైపులా దెబ్బే.

తిరుమలతో పోలికలో ఇంకో తేడా ఉంది. 1985లో నిత్యాన్నదానం మొదలైనప్పటి నుంచీ ఆకలైనవాళ్లు అన్నం ఉన్న చోటికే నడిచి వస్తున్నారు. అమెరికాలో ఆకలి ఊరంతా చెల్లాచెదురుగా, తలుపులు వేసుకున్న అపార్టుమెంట్లలో ఉంటుంది. కారు లేని ముసలామె పది మైళ్ల దూరంలోని కేంద్రానికి ఎలా పోతుంది? స్నాప్ కార్డు ఉంటే పక్కనున్న దుకాణంలోనే తనకు కావలసింది కొనుక్కునేది.

కొత్త చట్టంతో స్నాప్ ఎవరికి పోయిందో కూడా స్పష్టంగా చెప్పుకోవాలి, ఇక్కడ పుకార్లు ఎక్కువ. హెచ్‌-1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లకు స్నాప్ ఎప్పుడూ లేదు, కాబట్టి వాళ్లకు పోయిందీ లేదు. 1996 ఆగస్టు 22 నాటి చట్టం గ్రీన్‌కార్డు వచ్చిన పెద్దవాళ్లలో ఎక్కువమందిని ఐదేళ్లు ఆగమంది, అదీ మారలేదు. ఇప్పుడు కొత్తగా తీసేసింది శరణార్థులను, ఆశ్రయం పొందినవాళ్లను. యుద్ధం నుంచో, తరిమివేత నుంచో పారిపోయి, చట్టప్రకారమే ఆ దేశంలో అడుగుపెట్టి, చేతిలో ఏమీ లేకుండా బతుకు మొదలుపెట్టేవాళ్లు వీళ్లు. వీళ్ల నోటి దగ్గరి కూడు తీయడం అన్యాయమనే మా అభిప్రాయం.

అందుకే తెలివైన ధర్మసంస్థలు బియ్యం సంచులతో పాటు ఇంకో పని ఎత్తుకున్నాయి. శరణార్థి అమెరికా వచ్చి ఏడాది నిండితే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది వస్తే స్నాప్ తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. ఆ ఒక్క దరఖాస్తు, ఐ-485, సరిగ్గా పోయేలా చూస్తే ఒక కుటుంబానికి ఏళ్ల తరబడి తిండి దక్కినట్టే. శరణార్థులకు దానికి రుసుము లేదు, ఆశ్రయం పొందినవాళ్లు కట్టాలి. దరఖాస్తులు ఎక్కడ ఆగుతున్నాయంటే టీకాల పత్రం దగ్గర. ప్రభుత్వం గుర్తించిన డాక్టరు సంతకం చేసి, కవరుకు సీలు వేసి ఇస్తాడు. ఏముందో చూద్దామని ఇంట్లో ఆ కవరు చింపితే అది చెల్లదు, మళ్లీ డాక్టరుకు డబ్బు కట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లకు వాళ్ల భాషలో ఈ ఒక్క ముక్క చెప్పే మనిషి ఉండడం ఎంత పెద్ద సాయమో ఆలోచించండి.

సేవకులు ఇక్కడ దాటకూడని గీత ఒకటుంది. దుబాసీగా ఉండొచ్చు, కాగితాలు జిరాక్సు తీయొచ్చు, కార్లో దించి రావొచ్చు. "నువ్వు ఈ ఫారం వెయ్యి, ఇక్కడ ఇలా రాయి" అని సలహా మాత్రం చెప్పకూడదు. అది లాయరో, న్యాయశాఖ గుర్తింపున్న ప్రతినిధో చేయాల్సిన పని. మంచి మనసుతో చెప్పిన తప్పు సలహా వల్ల కేసులు పాడవుతాయి.

ప్రశ్న: నేను, నా భార్య మా వాడి ద్వారా గ్రీన్‌కార్డు తీసుకుని రెండేళ్లయింది. ఇద్దరికీ 65 దాటాయి. సబ్సిడీ మీద బీమా ఉండేది, 2026 జనవరి నుంచి సబ్సిడీ లేదన్నారు. నాకు షుగరు, ఆమెకు బీపీ. వచ్చే నెల చిత్తూరు నుంచి మళ్లీ పోవాలి. ధర్మాసుపత్రుల్లాంటివి అక్కడ ఉన్నాయా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: ఉన్నాయి సార్. ముందు సబ్సిడీ ఎందుకు పోయిందో చూద్దాం, మీది నిజంగా పోయిందో లేదో దాన్నిబట్టి తేలుతుంది. గ్రీన్‌కార్డుకు ఐదేళ్లు నిండక, పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ రానివాళ్లకు, ఆదాయం పేదరిక రేఖకు దిగువన ఉన్నా బీమా ప్రీమియంలో సాయం ఇచ్చేవాళ్లు. కొత్త చట్టం ఆ వెసులుబాటును 2026 జనవరి 1 నుంచి తీసేసింది. ఆ రేఖకు పైన, దానికి నాలుగింతల లోపు ఆదాయం ఉన్న గ్రీన్‌కార్డు దంపతులకు మాత్రం సబ్సిడీ ఇంకా ఉంది. 2026 బీమాకు ఇద్దరున్న కుటుంబానికి ఆ రేఖ ఏడాదికి 21,150 డాలర్లు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మీ పింఛను, చిత్తూరులోని ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, ఇవన్నీ అమెరికా పన్ను లెక్కలో చూపించాల్సిన ఆదాయమే. "అక్కడ సంపాదన సున్నా" అని రాసి ఉంటే ఆ లెక్కే తప్పు. అన్నీ కలిపి, డాలర్లలోకి మార్చి చూడండి. రేఖ దాటితే సబ్సిడీకి మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు. దాటకపోతే దాటినట్టు రాయకండి, ఏడాది చివర పన్ను లెక్కలో తేలి మొత్తం వెనక్కి కట్టమంటారు. మీ అబ్బాయి తన పన్ను రిటర్నులో మిమ్మల్ని తనమీద ఆధారపడినవాళ్లుగా చూపిస్తున్నాడా అన్నదీ అడగండి. చూపిస్తుంటే లెక్కలోకి వచ్చేది అతని కుటుంబం మొత్తం ఆదాయం.

ఇక ఆసుపత్రుల సంగతి. మీ అబ్బాయి ఇంటి దగ్గర "కమ్యూనిటీ హెల్త్ సెంటర్" ఎక్కడుందో వెతకమనండి. ఫెడరల్ నిధులు అందుకునే ఈ కేంద్రాలు డబ్బు కట్టలేరన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదు. పేదరిక రేఖకు రెండింతల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఆదాయాన్నిబట్టి ఫీజు తగ్గిస్తారు, రేఖ లోపు ఉన్నవాళ్లకు నామమాత్రమే. షుగరు, బీపీ లాంటి రోజువారీ జబ్బులకు మీకు కావలసింది ఇదే. మొదటిసారి పోయేటప్పుడు పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, ఇంటి చిరునామా తెలిపే ఏదో ఒక బిల్లు, ఆదాయం కాగితాలు, వాడుతున్న మందుల జాబితా తీసుకుపోండి. కుటుంబం అంటే ఎవరెవరో ఒక్కో కేంద్రం ఒక్కోలా లెక్కేస్తుంది. "మా ఇద్దరి ఆదాయమేనా, అబ్బాయిదీ కలుపుతారా?" అని ఫోన్లోనే అడిగేయడం మేలు. కొత్తవాళ్లకు మొదటి అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు. జ్వరం వచ్చాక కాదు, దిగిన వారంలోనే పేరు రాయించుకోండి.

రాత్రిపూట గుండెనొప్పి లాంటిది వస్తే ఆలోచించకుండా ఎమర్జెన్సీకే పోవాలి. 1986 చట్టం ప్రకారం బీమా ఉందా, డబ్బుందా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పేదాకా చూడాల్సిందే. బిల్లు మాత్రం తర్వాత వస్తుంది, గుండె ఆగేంత అంకె ఉంటుంది. కంగారుపడి కట్టేయకండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ "ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ" రాతపూర్వకంగా ఉండి తీరాలి. డిశ్చార్జి తర్వాత వచ్చిన మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల వరకు దానికి దరఖాస్తు తీసుకోవాలి. చాలాచోట్ల ఆ ఫారం వాళ్లంతట వాళ్లు చేతికివ్వరు, మీరే ఆ పేరుతో అడగాలి. ఫారంతో ఆదాయం కాగితాలు పంపి, పంపిన తేదీ రాసిపెట్టుకోండి. ఈలోగా పరువు పోతుందని అబ్బాయి క్రెడిట్ కార్డుతో కట్టేస్తే, ఆసుపత్రి మాఫీ చేయగలిగిన బాకీ కాస్తా వడ్డీ పెరిగే బ్యాంకు అప్పయి కూర్చుంటుంది.

మందులు ఇక్కణ్నుంచి తీసుకుపోతారు కదా. మూడు నెలలకు సరిపడా మించకుండా, స్ట్రిప్పులు విప్పకుండా, డాక్టరు చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు (మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ ఇలా) రాయించుకుని, చేతి సంచిలోనే పెట్టుకోండి. పెట్టె తప్పిపోతే మందులూ పోతాయి.

గ్రీన్‌కార్డుతో ఐదేళ్లు వరసగా అక్కడ నివాసం ఉంటే, 65 దాటినవాళ్లు ప్రీమియం కట్టి, వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ తీసుకోవచ్చు. అక్కడ పనిచేసిన చరిత్ర లేనివాళ్లకు 2026లో ఆసుపత్రి భాగానికి మనిషికి నెలకు 565 డాలర్లు, డాక్టరు భాగానికి 202.90 డాలర్లు. ఐదేళ్లు నిండే నెలకు మూడు నెలల ముందే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు పోవాలి, ఆలస్యం చేస్తే డాక్టరు భాగం ప్రీమియం పెరిగి అలాగే ఉండిపోతుంది. ఏటా ఏడెనిమిది నెలలు చిత్తూరులోనే గడిపితే ఆ "వరసగా నివాసం" అన్నదాని మీదే ప్రశ్న వస్తుంది. దాన్ని చూసుకుని టికెట్లు వేసుకోండి.

ప్రశ్న: ఫుడ్ బ్యాంకు నుంచి సరుకులు తెచ్చుకుంటే గ్రీన్‌కార్డు రాదంటున్నారు. ఉద్యోగం పోయిన మా అన్న పిల్లలకు స్కూల్లో ఉచిత భోజనం కూడా మాన్పించేశాడు. నిజమేనా?
— పాఠకుడు, పాకాల

జవాబు: నిజం కాదు. ముందు ఆ పిల్లలకు భోజనం మళ్లీ రాయించమనండి. ప్రభుత్వానికి భారమవుతారా అని చూసే "పబ్లిక్ ఛార్జ్" నిబంధన 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన రూపంలో నగదు సాయాన్నీ, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం ఆసుపత్రి లాంటి చోట ఉండడాన్నీ మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ధర్మసంస్థ ఇచ్చే సరుకులు, బడి భోజనం అందులో లేవు. గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు ఇచ్చే విక్ సాయానికి వీసా ఏమిటని అడగరు. ఈ 2022 నిబంధనను రద్దు చేస్తామని 2025 నవంబరులో ప్రతిపాదన వచ్చింది కాబట్టి, గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసే ముందు లాయరుతో ఒకసారి మాట్లాడటం మంచిది. అంతేగానీ పుకారు విని పిల్లల కంచం తీసేయొద్దు. చట్టం కోసింది ఒకవంతయితే, భయంతో మనమే వదులుకునేది ఇంకొకవంతు. ఈ రెండోది ఆపడం మన చేతిలో ఉంది.

ప్రశ్న: మా తమ్ముడు ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వీసా మీద "పబ్లిక్ ఫండ్స్ వర్తించవు" అని ఉంది. నెలాఖరుకు తిండికి ఇబ్బందవుతోంది. ఫుడ్ బ్యాంకుకు పోవచ్చా?
— పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: పోవచ్చమ్మా. పబ్లిక్ ఫండ్స్ అంటే చట్టంలో పేరుపెట్టి రాసిన ప్రభుత్వ భత్యాలు, ఇంటి సాయాలు. ఫుడ్ బ్యాంకు అందులో లేదు, యూనివర్సిటీ ఇచ్చే హార్డ్‌షిప్ ఫండ్ కూడా లేదు. ట్రస్సెల్ సంస్థ ఫుడ్ బ్యాంకులకు ముందు వోచరు కావాలి. దాన్ని యూనివర్సిటీలోని విద్యార్థి సహాయ కేంద్రమో, ఊరికే సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థో, డాక్టరో రాసిస్తారు. వోచరు మీద కనీసం మూడు రోజులకు సరిపడా సరుకులిస్తారు. శాకాహారి అయితే వోచరు రాయించేటప్పుడే చెప్పాలి. సిక్కుల గురుద్వారాల్లో అందరికీ పెట్టే ఉచిత భోజనానికి (లంగర్) ఏ కాగితమూ అక్కర్లేదు, తల మీద గుడ్డ కప్పుకుని పోతే చాలు.

తనూ అక్కడ సేవ చేయాలనుకుంటే ఒక తేడా తెలిసుండాలి. ఇష్టమున్నప్పుడు వచ్చి చేసే "వాలంటీరింగ్", విద్యార్థి వీసా మీద చదువు రోజుల్లో పని చేయనిచ్చే వారానికి 20 గంటల లెక్కలోకి రాదు. వేళలు కట్టేసి, ఒప్పందం రాయించుకుని చేయించే "వాలంటరీ వర్క్" జీతం లేకపోయినా ఆ 20 గంటల్లోకే వస్తుంది.

ప్రశ్న: మా కాలనీ సంఘం తరఫున చందాలు వేసి, అమెరికాలో మన పిల్లలు నడిపే ఒక సరుకుల కేంద్రానికి పంపాలనుకుంటున్నాం. బియ్యం, పప్పులు, ఇంట్లో పెట్టిన ఆవకాయ కూడా పంపుదామని ఆడవాళ్లు అంటున్నారు. ఎలా పంపాలి?
— సంఘం కార్యదర్శి, తిరుపతి

జవాబు: మీ మనసుకు దండం, కానీ ఆవకాయ పంపకండి. ఇంట్లో చేసినదాన్ని, దినుసుల లేబులు లేనిదాన్ని ఫుడ్ బ్యాంకులు తీసుకోవు. బియ్యం ఓడెక్కించే ఖర్చుతో అక్కడే ఎక్కువ బియ్యం వస్తుంది.

డబ్బు విషయానికొస్తే సంఘం ఖాతా నుంచి పంపడం కుదరదు. విదేశాలకు డబ్బు పంపనిచ్చే రిజర్వ్ బ్యాంకు ఉదారీకృత చెల్లింపుల పథకం కింద విదేశానికి విరాళం పంపే వీలు వ్యక్తులకే, ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల లోపు. ఎవరికి వారు పాన్ నంబరుతో, తమ బ్యాంకులో ఎ2 ఫారం నింపి పంపాలి. ఆ విరాళానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. ఏడాదిలో 10 లక్షలు దాటితే పైమొత్తం మీద 20 శాతం ముందస్తు పన్ను (టీసీఎస్) బ్యాంకే పట్టుకుంటుంది. మా సలహా ఏమంటే చందాలు ఇక్కడి అవసరాలకే ఉంచండి, అక్కడి ఖర్చు అక్కడున్న పిల్లలే భరించనివ్వండి. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ కలుపుతాయి, దానికి ఉద్యోగి ఫారం నింపాలి, అదే చాలామంది మరిచిపోతారు. 2026 నుంచి అక్కడి పన్ను రిటర్నులో ఖర్చులు విడివిడిగా చూపించనివాళ్లకూ దంపతులకు 2,000 డాలర్ల దాకా విరాళం మీద పన్ను మినహాయింపు ఉంది.

మీరు పంపాల్సింది ఒక జాబితా. అక్కడి పెట్టెల్లో మాంసం టిన్నులు, చీజు, పాలలో వేసుకు తినే తియ్యటి సీరియల్స్ ఎక్కువ. అవి ఎలా వండాలో తెలియక నేపాలీ మాట్లాడే భూటాన్ శరణార్థి ఇంట్లోనూ మన ఇంట్లోనూ మూలన పడుంటాయి. మనిషికి రోజుకు పావుకిలో బియ్యం, 50 గ్రాముల కందిపప్పు లెక్కన నలుగురికి రెండు వారాలకు 14 కిలోల బియ్యం, 2.8 కిలోల పప్పు కావాలి. అక్కడ దొరికే 20 పౌండ్ల బియ్యం బస్తా 9 కిలోలు. అంటే బస్తాన్నర పడుతుంది, సీలు విప్పకూడదు కాబట్టి ఇంటికి రెండు బస్తాలు. దానికి ఒక లీటరున్నర నూనె, ఉప్పు, పసుపు, కారం, చింతపండు, అరకిలో రవ్వ. అన్నీ సీలు విప్పని ప్యాకెట్లే ఉండాలి. పెద్ద బస్తా విప్పి చిన్న సంచుల్లో పోయాలంటే అనుమతి ఉన్న గది, చేతి తొడుగులు, తలకు వల, ప్రతి సంచికీ లేబులు కావాలి. అందుకే మొదటినుంచీ 20 పౌండ్లవే కొనమనండి.

వండిన అన్నం పెట్టాలనుకుంటే దాతలను కాపాడే చట్టం 1996 నుంచీ ఉంది, మంచి ఉద్దేశంతో ఇచ్చినదానికి కేసు భయం అక్కర్లేదు. కానీ అన్నంతో జాగ్రత్త. వండినా చావని బాసిల్లస్ అనే క్రిమి బీజాలు గోరువెచ్చని అన్నంలో మొలిచి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అన్నం 57 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉంచాలి, లేదా వెడల్పాటి పళ్లేల్లో రెండు అంగుళాల మందం మించకుండా పరిచి రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆపై నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దించాలి. పెద్ద డేగిసాలో మూతపెట్టి కారు డిక్కీలో తీసుకుపోయే పులిహోరే పాడయ్యేది. థర్మామీటరు పదిహేను డాలర్ల లోపే దొరుకుతుంది, మొదటి ఖర్చు దానికే పెట్టమనండి.